ఓకొనలుఫ్టీ నదిలో చెత్త ఏరిన రోజు

అమెరికాలోని షార్లెట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో స్మోకీ పర్వతాలు చూడనివాళ్ళు అరుదు. ఆకులు రంగు మారే రోజుల్లోనో, ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో కార్లు వేసుకుని అటే బయలుదేరతాం. దారిలో చెరోకీ అనే ఊరు వస్తుంది. ఊరి మధ్యలోంచి ఒక నది పారుతుంది. ఒడ్డున చెట్ల నీడలో కూర్చుని పులిహోర తిని, పిల్లలు నీళ్ళలో కాసేపు ఆడుకున్నాక మళ్ళీ కొండ ఎక్కుతాం. ఆ నది పేరు ఓకొనలుఫ్టీ. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో పుట్టి, అమెరికా మూలవాసులైన చెరోకీల నేల మీదుగా పారి, బ్రైసన్ సిటీకి కాస్త ఎగువన టకసీజీ నదిలో కలుస్తుంది. అక్కడినుంచి లిటిల్ టెనెసీ, టెనెసీ, ఒహాయో, మిసిసిపీ నదుల మీదుగా ఆ నీళ్ళు గల్ఫ్ ఆఫ్ మెక్సికోకు చేరతాయి. మన కృష్ణా గోదావరులు అరేబియా సముద్రానికి అంత దగ్గర్లో పుట్టి కూడా దానికి వీపు తిప్పి తూర్పుకు నడిచినట్టు, ఈ నది అట్లాంటిక్ వైపు చూడకుండా పడమటి దారి పట్టింది.

చెరోకీల దృష్టిలో నది అంటే ఒక మనిషి. తల కొండల్లో, పాదాలు దూరాన పల్లపు నేలలో ఆనించి పడుకున్న పొడవాటి మనిషి. ఇంగ్లీషులో ఆయన్ని లాంగ్ మ్యాన్ అంటారు. ఆయన ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాడు, ఆ మాట వినడం నేర్చినవాళ్ళకే బోధపడుతుందంటారు. 1880లలో ఈ కొండల్లో తిరిగి చెరోకీ పెద్దల నోటినుంచి కథలు, మంత్రాలు రాసుకున్న జేమ్స్ మూనీ 1900లో అచ్చయిన తన రచనల్లో ఈ విశ్వాసం గురించి వివరంగా రాశాడు. పుట్టిన బిడ్డకైనా, జబ్బుపడి లేచినవాడికైనా, మైలలో ఉన్నవాళ్ళకైనా, బంతాటకు దిగబోయే కుర్రాళ్ళకైనా నదే గతి. తెల్లవారుజామున నది దగ్గరికి వెళ్ళి, తూర్పు ముఖంగా నిలబడి, ఏడు మునకలు వేయడం వాళ్ళ ఆచారం. చలికాలంలో కూడా మానేవాళ్ళు కాదు. కార్తీకంలో చీకటితోనే లేచి ఏటికి వెళ్ళే అమ్మమ్మల చేతుల్లో పెరిగిన నాకు ఇదేమీ వింతగా అనిపించలేదు. నన్ను ఆపి నిలబెట్టింది ఇంకొక మాట. ఆ పొడవాటి మనిషి ఒంటి మీద ఉమ్మకూడదు, మూత్రం పోయకూడదు, చెత్త వేయకూడదు. ఇవి శుచి కోసం పెట్టుకున్న నియమాలు మాత్రమే కావు, ఆయనతో ఉన్న బంధుత్వం కొద్దీ పాటించేవి.

ఈస్టర్న్ బ్యాండ్ ఆఫ్ చెరోకీ ఇండియన్స్ అనే ఈ తెగవాళ్ళు లాంగ్ మ్యాన్ పేరిట నదినీ, దానిలో కలిసే వాగుల్నీ శుభ్రం చేసే రోజు ఒకటి పెట్టుకున్నారు. బయటివాళ్ళు కూడా రావచ్చని తెలిసి, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ అనుభవం రాయాలనుకోవడానికి కారణం ఉంది. నదిని తల్లి అని పిలిచే జాతి మనది. అలా పిలిచినంత మాత్రాన నదికి ఒరిగేదేమిటో, ఒరగాలంటే ఇంకేం కావాలో నాకు అక్కడ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడినప్పుడు తేటగా అర్థమైంది.

ముందుగా ఆ నేల గురించి నాలుగు మాటలు చెప్పాలి. క్వాలా బౌండరీ అని పిలిచే ఈ ప్రాంతం దాదాపు 57,000 ఎకరాలు. ప్రభుత్వం వాళ్ళకు దయతలచి ఇచ్చిన భూమి కాదిది. 1838-39లో అమెరికా సైన్యం దాదాపు 16,000 మంది చెరోకీలను వాళ్ళ ఊళ్ళనుంచి తరిమి, వందల మైళ్ళు నడిపించి ఓక్లహోమా ప్రాంతానికి పంపింది. దారిలోనూ శిబిరాల్లోనూ నాలుగు వేలమంది దాకా చనిపోయారని సాధారణంగా చెప్పే లెక్క. ఓకొనలుఫ్టీ పక్కన బతికే కొన్ని కుటుంబాలు, కొండల్లో దాక్కున్న మరికొందరు ఇక్కడే మిగిలారు. తమ సొంత నేలను తామే మళ్ళీ డబ్బు పోసి కొనుక్కున్నారు. అన్ని ఊళ్ళకూ తల్లి ఊరని భావించే కిటువా దిబ్బ కూడా 1996 దాకా పరాయి చేతుల్లోనే ఉండి, ఆ ఏడాది తెగ కొనుక్కున్నాకే తిరిగి వాళ్ళదయింది. అది టకసీజీ ఒడ్డునే ఉంది. ఇంతగా పోగొట్టుకుని, ఇంత కష్టపడి దక్కించుకున్న నది అది. ఆ సంగతి తెలిసి నీళ్ళలో దిగడం వేరు, తెలియక దిగడం వేరు.

వెళ్ళింది వేసవి చివర. ముందురోజు రాత్రికే ఆ ఊరు చేరి, పొద్దున్నే చెప్పిన చోటికి వెళ్ళాం. నదిలో ఒక దీవి ఉంది, దాన్ని పార్కు చేశారు. చుట్టూ వెదురు పొదలు. వీధి పలకల మీద ఇంగ్లీషుతో పాటు చెరోకీ అక్షరాలు ఉంటాయి. సీక్వోయా అనే ఆయన 1821 నాటికి ఒంటిచేత్తో తయారుచేసిన లిపి అది. మన అక్షరాల్లాగే ఒక్కో గుర్తు ఒక్కో పూర్తి ధ్వనిని పలుకుతుంది. మా అమ్మాయి ఫోనులో పట్టిక తెరిచి ఒక పలకను కూడబలుక్కుని చదివేసింది. పక్కనే నిలబడ్డ ఒక కుర్రాడు ఆమె పలికిన తీరు సరిచేసి చెప్పాడు.

బల్ల దగ్గర పేర్లు రాసుకుని, ఏదైనా ప్రమాదం జరిగితే బాధ్యత మనదేనని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చేతి తొడుగులు, పొడవాటి పట్టకారు, రెండు రకాల సంచులు ఇచ్చారు. చెప్పులతో వచ్చినవాళ్ళను నీళ్ళలోకి దించలేదు, ఒడ్డు మీద పని ఇచ్చారు. తర్వాత అందరం గుండ్రంగా నిలబడ్డాం. తెగ పెద్దాయన ఒకరు నది వైపు తిరిగి చెరోకీ భాషలో కొంతసేపు మాట్లాడారు. ఆ సమయంలో ఫొటోలు తీయవద్దని ముందే చెప్పారు, ఎవరూ తీయలేదు. ఆయన ఏమన్నారో మాకు అనువదించి చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనిపించింది. నీటి దగ్గరికి వెళ్ళే ఆచారం వాళ్ళది. మనం చూసి మెచ్చుకుని అనుకరించడానికి పెట్టిన వేడుక కాదు. అతిథులుగా మనకు అప్పగించింది చెత్త ఏరే పని. దాన్ని మనసు పెట్టి చేస్తే చాలు.

మా గుంపుకు నాయకురాలు మా అమ్మ వయసున్న ఒక చెరోకీ పెద్దావిడ. పొట్టిగా, గట్టిగా, తలకు టోపీ, మోకాళ్ళపైదాకా రబ్బరు బూట్లు. చెత్త సంగతి తర్వాత, ముందు నీళ్ళలో ఎలా నిలబడాలో నేర్పించారు. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టాలి, అడ్డంగా అడుగులు వేయాలి, ఒక కాలు కుదురుకున్నాకే రెండోది ఎత్తాలి. పడిపోతే లేవడానికి తొందరపడకూడదు. వెల్లకిలా తేలుతూ పాదాలు దిగువ వైపు పెట్టి, లోతు తక్కువ చోటికి కొట్టుకురావాలి. తొందరపడి లేస్తే పాదం రాళ్ళ సందున ఇరుక్కుంటుంది, మనుషులు మునిగేది అలాగే. మధ్యమధ్యలో ఆమె ఫోను తీసి, దిగువన బర్డ్‌టౌన్ దగ్గరి కొలమానం చూపే నీటి మట్టం చూసుకునేవారు. పైన కొండల్లో వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తున్నా నది పొంగుతుందట. తుంగభద్ర ఒడ్డున పెరిగిన నాకు ఆ మాట కొత్త కాదు. పైన ఎక్కడో వానపడితే ఇక్కడ పొడి ఆకాశం కింద నీళ్ళు ఎర్రబడి రావడం చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను.

ఆ తర్వాత ఒకటే కఠినమైన నియమం చెప్పారు. రాళ్ళు కదపకూడదు. రాయి కింద చెత్త ఉన్నా సరే, తమను పిలవాలి తప్ప మనం ఎత్తకూడదు. పర్యాటకులు గులకరాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి గోపురాలు కడతారు, పిల్లలు అడ్డుకట్టలు వేసి మడుగులు చేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ రాళ్ళ కింద హెల్‌బెండర్ ఉంటుంది. రెండడుగుల దాకా పెరిగే సాలమాండర్ అది, అంటే బల్లిలా కనిపించే ఉభయచరం. ఒంటి పక్కన ముడతలు ముడతలుగా వేలాడే చర్మంతోనే నీళ్ళలోని గాలి పీలుస్తుంది. అందుకే చల్లగా, తేటగా, చురుగ్గా పారే నీళ్ళు లేకపోతే బతకలేదు. పెద్ద పలకరాయి ఒకటి చూసుకుని దాని కిందే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. వేసవి చివరినుంచి ఆకురాలు కాలం దాకా గుడ్లు పెట్టే రోజులు. మగది గుడ్ల దగ్గర కాపలా ఉంటుంది. రాయి ఎత్తితే ఆ ఇల్లు పోయినట్టే. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను ఈ కొండల నదుల్ని చిందరవందర చేసి వెళ్ళింది. అదే ఏడాది డిసెంబరులో హెల్‌బెండర్‌ను అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవిగా ప్రకటించాలని కేంద్ర వన్యప్రాణి విభాగం ప్రతిపాదించింది.

నీళ్ళలోకి దిగాం. వేసవిలో కూడా ఎముకలు కొరికే చలి ఆ నీళ్ళది. మొదట్లో నదిలో చెత్తే లేదనిపించింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున రంగురంగుల రాళ్ళు కనిపిస్తున్నాయి. పెద్దావిడ మమ్మల్ని నది మధ్యలో వెతకవద్దని, మూలల్లో వెతకమని చెప్పారు. వేగంగా పారే చోట ఏదీ నిలవదు. ఒడ్డు వంపు తిరిగిన చోట, పడిపోయిన మాను అడ్డం ఉన్న చోట, చెట్ల వేళ్ళు నీళ్ళలోకి దిగిన చోట నది చెత్తను దాస్తుంది. అక్కడ చెయ్యి పెట్టాక ఇక సంచి నిండడానికి ఎంతోసేపు పట్టలేదు. డబ్బాలు, చిరిగిన సంచులు, పిల్లల చెప్పులు, ట్యూబుల మీద తేలడానికి వచ్చినవాళ్ళ తువ్వాళ్ళు, నల్ల కళ్ళద్దాలు. అన్నిటికంటే ఎక్కువ సిగరెట్ పీకలు. వాటిలో చాలావరకు నదిలో పారేసినవి కావు. రోడ్డు మీద, కార్లు ఆపే చోట పడేసినవి వానకు కొట్టుకుని కాలువల్లో పడి, కాలువలనుంచి నేరుగా ఇక్కడికి చేరతాయి. ఆ కాలువల నీటిని మధ్యలో శుద్ధి చేసే ఏర్పాటు ఏదీ ఉండదు. ఈ సంగతి మన హైదరాబాదులో మూసీకైనా, విజయవాడ కాలువలకైనా అంతే వర్తిస్తుంది.

చేతికి ఎక్కువ పని పెట్టింది గాలం దారం. చేపలు పట్టడానికి ఈ నది పేరుమోసింది, తెగవాళ్ళే ట్రౌట్ చేపల్ని పెంచి వదులుతారు. తెగిపోయిన నైలాన్ దారం చెట్ల వేళ్ళకు చుట్టుకుని, ఎండలో మెరిస్తే తప్ప కంటికి కనపడదు. పక్షుల కాళ్ళకు చుట్టుకుంటే తెగదు, ఊడదు. లాగితే చెట్టు వేరు చిట్లుతుంది. చిన్న కత్తెరతో ఒక్కో చుట్టూ కత్తిరించి, కొక్కాన్ని విడిగా గట్టి డబ్బాలో వేయాలి. మా అమ్మాయి ఒకే వేరు దగ్గర వంగుని చాలాసేపు ఆ పనే చేసింది. చివరికి అరచేతిలో పిచ్చుక గూడంత దారపు ఉండ, దానిలో సీసపు గుండ్లు, తుప్పు పట్టిన కొక్కాలు. ప్రతి డబ్బానూ సంచిలో వేసేముందు వంచి, అదే చోట నీళ్ళలో ఒలకబోయాలని కూడా చెప్పారు. ఎందుకో రెండో డబ్బాకే తెలిసింది. లోపలినుంచి వేలెడంత క్రేఫిష్, రొయ్యలాంటి ప్రాణి ఒకటి కొండి పైకెత్తుకుని బయటికొచ్చి, వెనక్కి నడుచుకుంటూ రాయి కిందికి పోయింది.

టైరు ఒకటి దొరికింది. సగానికి పైగా ఇసుకలో కూరుకుపోయి ఉంది. నలుగురం పట్టుకుని లాగితే కదల్లేదు. అలా లాగకూడదని పెద్దావిడ ఆపారు. ముందుగా లోపలి ఒండ్రును చేతులతో కొద్దికొద్దిగా తీయించారు. ఒక్కసారిగా తవ్వితే బురద మేఘంలా లేచి దిగువకు పోయి, రాళ్ళ సందుల్ని పూడ్చేస్తుంది. చేప గుడ్లకూ, రాళ్ళకు అతుక్కుని బతికే పురుగులకూ ఊపిరాడదు. ఆ పురుగులే చేపల తిండి. లోపల ఖాళీ అయ్యాక టైరును అటూ ఇటూ ఊపి, పట్టు సడలాక తాడు వేసి, మెల్లగా ఒడ్డుకు దొర్లించాం. ఈ మొత్తం పని జరుగుతున్నంతసేపూ ఆమె టైరు వైపు కాక దిగువ నీళ్ళ రంగు వైపు చూస్తూ ఉన్నారు. నీళ్ళు మసకబారితే చెయ్యి ఎత్తేవారు, మేం ఆగేవాళ్ళం. తేరుకున్నాక మళ్ళీ మొదలు. నేను ఆ రోజు చూసినవాటిలో భక్తి అంటే ఇదీ అని వేలెత్తి చూపించగలిగేది ఏదైనా ఉంటే, ఎత్తిన ఆ చెయ్యే.

కాస్త పైకి వెళ్ళాక పెద్ద పలకరాయి కింద ఒక రేకు ముక్క ఇరుక్కుని కనిపించింది. ఒక అంచు బయటికి ఉంది. "అమ్మా, లాగేద్దామా?" అంటూ మా అమ్మాయి చెయ్యి చాపింది. పెద్దావిడ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి చూశారు. రాయి దిగువ పక్కన చిన్న దారి లాంటి సందు, దాని ముందు శుభ్రంగా ఊడ్చినట్టు ఉన్న ఇసుక. లోపల ఎవరో కాపురం ఉన్నట్టే ఉందన్నారు. రేకును అక్కడే వదిలేశాం. ఆమె ఒడ్డున చెట్టుకు రంగు గుడ్డ కట్టి, ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకున్నారు. తెగ జీవశాస్త్రవేత్తలు వచ్చి చూసుకుంటారట. చెత్త ఏరడానికి వచ్చి చెత్తను వదిలేసి వెళ్ళడం మా అమ్మాయికి మింగుడు పడలేదు. నది మన కంటికి శుభ్రంగా కనపడటం కోసం వచ్చామా, లోపల ఉన్నవాళ్ళ కోసం వచ్చామా అని పెద్దావిడ అడిగిన ప్రశ్నకు మాత్రం అది మారు మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఒడ్డున కూర్చున్నప్పుడు, మీ ఊరి నది సంగతి చెప్పమన్నారు పెద్దావిడ. చెప్పాను. మాది అలంపురం దగ్గర, తుంగభద్ర వెళ్ళి కృష్ణలో కలిసే చోటికి దగ్గరలో. మా అమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు లేదు, శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. దేవుడికి వేరే చోటు దొరికింది. ఊళ్ళను మాత్రం అలా విప్పి తీసుకురావడం ఎవరి తరమూ కాలేదు. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, లిటిల్ టెనెసీ నది మీద టెలికో ఆనకట్ట తలుపులు 1979 నవంబరులో మూసిన సంగతి చెప్పారు. చోటా, టనాసీ, టస్కీజీ అనే పాత చెరోకీ ఊళ్ళు ఆ నీళ్ళ కింద ఉన్నాయి. టెనెసీ రాష్ట్రానికి పేరు వచ్చింది టనాసీ నుంచే. పొద్దున మా అమ్మాయి చదివిన లిపిని తయారుచేసిన సీక్వోయా పుట్టింది టస్కీజీలో. స్నెయిల్ డార్టర్ అనే చిన్న చేప కోసం 1978లో సుప్రీం కోర్టు ఆ ఆనకట్టను ఆపింది. మరుసటి ఏడు కాంగ్రెస్ చట్టం చేసి, దానికి మినహాయింపు ఇచ్చింది. తమ పూజాస్థలాలు, పూర్వీకుల సమాధులు మునిగిపోతాయని చెరోకీలు వేసిన దావాను 1980లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఆవిడ ఇదంతా కోపంగా చెప్పలేదు. నా మాటలకు బదులుగా తన మాటలు చెప్పుకున్నారు, అంతే. ఊరు మునిగినవాళ్ళకు ఒకరికొకరు ఎక్కువ వివరించుకోవలసిన పని ఉండదు.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి సూటిగా రాయాలి. పుష్కరాలప్పుడు మన ఘాట్ల మీద ఎన్ని బట్టలు, ఎన్ని ప్లాస్టిక్ ప్రమిదలు, ఎన్ని పటాలు మిగులుతాయో చూడనివాళ్ళు లేరు. మన భక్తి అంతా నదికి ఇవ్వడంలో ఉంది. పసుపు, కుంకుమ, పువ్వులు, దీపాలు, విగ్రహాలు, చివరికి పాత బట్టలు. మా అమ్మమ్మ మాత్రం ఏట్లో కాలు పెట్టే ముందు వంగి, దోసెడు నీళ్ళు తల మీద చల్లుకుని, "తల్లీ, కాలు పెడుతున్నా, తప్పు కాచుకో" అనేది. నీళ్ళలో ఉమ్మితే వీపు మీద వేసేది. పుక్కిలించిన నీళ్ళు గట్టు మీదే పోయాలి, సబ్బు గట్టు మీదే. ఏటికి ఏం ఇవ్వాలో ఆమెకు తెలుసు, దానికంటే ముందు ఏం ఇవ్వకూడదో తెలుసు. ఆ రెండో సగాన్ని మన తరం వదిలేసింది. మొదటి సగాన్ని మాత్రం ఏటికేడు పెంచుకుంటూ పోతోంది. చెరోకీల దగ్గర ఆ రెండో సగం ఇంకా బతికి ఉంది. అది కూడా ఉపన్యాసాల్లో కాదు, రాళ్ళు కదపకూడదనే నియమంలో, డబ్బా వంచి చూడటంలో, బురద లేస్తే ఆగడంలో.

సాయంత్రం సంచులన్నీ ఒకచోట చేర్చి, బరువు తూచి, రకరకాలుగా విడదీసి, ఏ వాగులో ఏది ఎక్కువ దొరికిందో రాసుకున్నారు. సోకో వాగు వైపు వెళ్ళినవాళ్ళు తెచ్చినవాటిలో ఇంటి సామాను ఎక్కువ, మా వైపు పర్యాటకుల చెత్త ఎక్కువ. ఈ లెక్కలు ఊరికే రాసుకోరు. చెత్తకుండీ ఎక్కడ పెట్టాలి, ఏ మలుపు దగ్గర కంచె వేయాలి, ఎక్కడ పలక పెట్టాలి అన్నది వీటిని బట్టే తేలుతుంది. తర్వాత బూట్ల పని. అడుగు భాగాల్ని బ్రష్షుతో తోమి, బురద లేకుండా కడిగి, పూర్తిగా ఆరేదాకా ఇంకో నదిలో వాడకూడదని చెప్పారు. పక్కనున్న టకసీజీలో 2015లో డిడిమో అనే నాచు కనపడింది. రాళ్ళ మీద దుప్పటిలా పరుచుకుని, కింద ఉన్న ప్రాణుల్ని కమ్మేస్తుంది. ఒక్క తడి బూటు చాలు, అది ఒక నదినుంచి ఇంకో నదికి పోవడానికి.

దిగువన, టకసీజీలో కలవడానికి కాస్త ముందు, ఈలా ఆనకట్ట అని ఒకటి ఉంది. 1925లో కరెంటు కోసం కట్టింది. 2021 అక్టోబరులో దాని వెనుక పేరుకున్న బురద ఒక్కసారిగా దిగువకు విడుదలై, నది అడుగును కప్పేసింది. ఆ తర్వాతే ఆనకట్టను పూర్తిగా తీసేయాలని తెగ, పర్యావరణ సంఘాలు, ప్రభుత్వ విభాగాలు ఒక్కటై పూనుకున్నాయి. తీసేస్తే ఎగువన వందల మైళ్ళ వాగులకు చేపలు మళ్ళీ ఎక్కిరాగలవు. వాళ్ళు ఎక్కువగా ఎదురుచూసేది సికిల్‌ఫిన్ రెడ్‌హార్స్ కోసం. వీపు మీద కొడవలిలా వంగిన పొడవాటి రెక్క ఉండే ఈ చేప హైవాసీ, లిటిల్ టెనెసీ నదుల పరీవాహకంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. చెరోకీలు దాన్ని ఈక పెట్టుకున్న చేప అంటారు. పూర్వం నదిలో రాళ్ళను దిగువకు మొన ఉండేలా రెండు వరుసలుగా పేర్చి, మొన దగ్గర బుట్ట పెట్టి, చేపల్ని పట్టేవాళ్ళు. అలాంటి రాళ్ళ వరుసలు టకసీజీలో ఇప్పటికీ కనిపిస్తాయి. రాళ్ళు కదపడం కూడా తెలిసినవాళ్ళు, తెలిసిన చోట, కావలసినంతే కదిపిన రోజులవి.

ఇంటికి వచ్చాక మేం మా ఇంటి వెనుకనుంచి పోయే మల్లార్డ్ క్రీక్ వాగులో కొంత భాగాన్ని దత్తత తీసుకున్నాం. షార్లెట్ నగరపాలక విభాగం అలాంటి ఏర్పాటు పెట్టింది. పేరు ఇస్తే సంచులు, తొడుగులు వాళ్ళే ఇస్తారు. మా కాలనీ తెలుగువాళ్ళు చాలామంది పిల్లలతో వస్తున్నారు. ఆ వాగు రాకీ రివర్‌లో, అది పీ డీ నదిలో కలిసి అట్లాంటిక్‌కు పోతుంది. ఈ సంగతి అక్కడే పుట్టి పెరిగిన మా పిల్లలకు కూడా కొత్తే. వినాయక చవితికి మట్టి బొమ్మను పెరట్లో తొట్టిలోనే కలిపి, ఆ నీళ్ళు చెట్లకు పోస్తున్నాం. మొదట కొందరు పెద్దవాళ్ళకు రుచించలేదు. వాగు చూపించి, దానిలో బతికే తాబేళ్ళను చూపించాక ఒప్పుకున్నారు.

చెరోకీకి వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. తేదీ ముందుగా కనుక్కోండి, పేరు నమోదు చేసుకోండి. పిల్లల్ని నీళ్ళలోకి దించడానికి ఎంత వయసుండాలో అడగండి. వేళ్ళు మూసుకునే పాత బూట్లు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, సొంత నీళ్ళ సీసా ఉంటే చాలు. పెద్దలు మాట్లాడుతున్నప్పుడు ఫోను జేబులో ఉంచండి. ఆ రోజుకు కుదరనివాళ్ళు మామూలుగా విహారానికి వెళ్ళినప్పుడు కూడా చేయగలిగింది ఉంది. పిల్లలు రాళ్ళు పేర్చబోతే ఆపి, ఆ రాయి కింద ఎవరుంటారో చెప్పండి. వెళ్ళగలిగినవాళ్ళు మాత్రం తప్పకుండా ముందుగా పేరు ఇవ్వండి. తొడుగులు, పట్టకార్లు, భోజనాలు ఆ లెక్క చూసుకునే తెప్పిస్తారు.